ఫోన్ దొరికింది సరే, మనిషెవరు? దర్యాప్తు అధికారులకు ఒక బహిరంగ లేఖ

తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో కేసులు దర్యాప్తు చేస్తున్న ఎస్ఐ, సీఐ, డీఎస్పీ గార్లకు,

నమస్కారం.

తిరుపతి కోర్టుల్లో క్రిమినల్ కేసులు చూసుకునే లాయర్‌ని. మీలో చాలామందికి నా ముఖం తెలుసు. సాక్షి బోనులో నిలబెట్టి మిమ్మల్ని విసిగించిన సందర్భాలూ ఉన్నాయి. అక్కడ నేనేం అడిగినా నిందితుడి తరఫు వాదనగానే వినిపిస్తుంది. అందుకే ఈ మాటలు కోర్టు బయట, నలుగురూ చదివేలా రాస్తున్నాను.

నిందితుడిని జైలుకు పంపమని మేజిస్ట్రేట్‌కు మీరిచ్చే రిమాండ్ రిపోర్టుల్లో ఈ మధ్య ఒక వాక్యం ఖాయమైపోయింది: ‘సాంకేతిక ఆధారాల సాయంతో నిందితుడిని గుర్తించి అదుపులోకి తీసుకున్నాము.’ ఏ ఆధారం? అది ఏం చెప్పింది? అది చెప్పినదానికీ ఈ మనిషికీ లింకు ఏమిటి? తర్వాతి పేరాలో వెతికినా కనిపించదు. ఐపీ అడ్రస్ (ఇంటర్నెట్ కనెక్షన్ నంబరు) గానీ, సిమ్ గానీ, ఐఎంఈఐ (హ్యాండ్‌సెట్ గుర్తింపు నంబరు) గానీ, బ్యాంకు ఖాతా గానీ మనల్ని ఒక కనెక్షన్ దాకానో, ఒక హ్యాండ్‌సెట్ దాకానో, రికార్డులో ఉన్న ఒక పేరు దాకానో తీసుకెళ్లి ఆగిపోతాయి. అక్కడి నుంచి మనిషి దాకా మీరే వెళ్లాలి. చాలా కేసుల్లో మీరు వెళ్లడం లేదు. నా ఫిర్యాదు అదే.

ఒక కేసు చెబుతాను. పేర్లు, స్టేషన్ వద్దు. పాత చట్టాలు అమల్లో ఉన్నప్పటి సంగతి. కొండ మీద గది ఇప్పిస్తామని దొంగ వెబ్‌సైట్ పెట్టి, అనంతపురం నుంచి వచ్చిన ఒక కుటుంబం దగ్గర డబ్బు కాజేశారు. ఇలాంటి వెబ్‌సైట్లను నమ్మొద్దని టీటీడీ చెబుతూనే ఉంటుంది, జనం మోసపోతూనే ఉంటారు. ఆ వెబ్‌సైట్‌ను తన సర్వర్లో ఉంచిన హోస్టింగ్ కంపెనీ ఇచ్చిన లాగ్‌లో, అంటే వాడకం రికార్డులో, ఒక ఐపీ అడ్రస్, ఒక సమయం ఉన్నాయి. ఆ ఐపీ బస్టాండు దగ్గర్లోని ఒక లాడ్జి బ్రాడ్‌బ్యాండ్‌దని ఇంటర్నెట్ కంపెనీ జవాబిచ్చింది. లాడ్జి ఓనర్‌ని పిలిపిస్తే, రాత్రిపూట కౌంటర్లో ఉండేది ఫలానా పిల్లోడని చెప్పి ఊరుకున్నాడు. అంతే, పలమనేరు పక్క పల్లె నుంచి వచ్చి నైట్ డ్యూటీ చేసుకుంటున్న కుర్రాడు ఏ1, అంటే మొదటి నిందితుడు అయిపోయాడు. ఆన్‌లైన్ మోసానికి పెట్టే ఐటీ చట్టం 66డీ ఒక్కటే అయితే బెయిలబుల్ కదా, అందుకని బెయిలబుల్ కాని ఐపీసీ 420 కూడా కలిపారు. వాళ్లమ్మ కోర్టు వరండాలో నన్ను పట్టుకుని, ‘మా వాడు ఏం జేసినాడని సార్ తెచ్చినారు?’ అని అడిగింది. చేతిలో ఉన్న రిమాండ్ రిపోర్టు ఎంత చదివినా ఆమెకు చెప్పదగ్గ జవాబు దొరకలేదు.

ఆ లాడ్జికి వెళ్లి చూశాను. కౌంటర్ అద్దానికి వైఫై పేరు, పాస్‌వర్డ్ ప్రింట్ తీసి అంటించారు. టేపు పసుపు రంగుకు తిరిగింది. ఆ పాస్‌వర్డ్ మార్చి ఎన్నేళ్లయిందో ఆ వెంకన్నకే తెలియాలి. శనివారం రాత్రి కావడంతో గదులన్నీ నిండిపోయాయి, డార్మిటరీలో మంచం ఖాళీ లేదు, హాల్లో దుప్పట్లు పరుచుకుని కుటుంబాలకు కుటుంబాలు పడుకున్నాయి. కింద టీ కొట్టు దాకా సిగ్నల్ వస్తోంది. అందరి చేతుల్లోనూ ఫోన్లే. ఇంతమంది కలిసి బయటికి ఒకే ఐపీ అడ్రస్‌గా కనిపిస్తారు. ఆ రాత్రి ఏ ఏ ఫోన్లు కనెక్టయ్యాయో రూటర్‌లో రికార్డయి ఉంటే ఉండొచ్చు. దర్యాప్తులో దాని జోలికి ఎవరూ పోలేదు. మేం అడిగేసరికి పాత రూటర్ తీసేసి కొత్తది పెట్టారు.

అసలు తమాషా సమయం దగ్గర ఉంది. హోస్టింగ్ కంపెనీ లాగ్‌లో 19:20 అని, పక్కన యూటీసీ (అంతర్జాతీయ ప్రామాణిక సమయం) అని స్పష్టంగా ఉంది. మన టైమ్ కావాలంటే ఐదున్నర గంటలు కలపాలి. అంటే అర్ధరాత్రి దాటాక 12:50. ఇంటర్నెట్ కంపెనీకి వెళ్లిన లెటర్లో మాత్రం సాయంత్రం 7:20 అని రాశారు. కంపెనీ ఆ టైమ్‌కే జవాబిచ్చింది. అర్ధరాత్రి 12:50కి ఆ ఐపీ ఎవరి దగ్గర ఉందో అడిగినవారు లేరు. మామూలు కనెక్షన్లలో రూటర్ ఒకసారి ఆగి మళ్లీ ఆన్ అయితే చాలు, ఐపీ మారిపోవచ్చు, పాతది ఇంకో వీధిలో ఇంకొకరికి పోవచ్చు. సరే, 7:20నే నిజమనుకుందాం. లాడ్జి హాజరు పుస్తకంలో ఆ కుర్రాడు డ్యూటీకి ఎక్కింది 8 గంటలకు. ఛార్జిషీట్ టైమ్ ప్రకారం అతను కౌంటర్లో లేడు. అసలు టైమ్ ప్రకారం చూస్తే ఆ ఐపీ ఆ లాడ్జిదేనన్న గ్యారంటీ లేదు. క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఈ రెండు ప్రశ్నలకే దర్యాప్తు అధికారి (ఐఓ) గారు నీళ్లు తాగారు.

కేసు కొట్టేశారు. కుర్రాడి ఉద్యోగం అంతకు ముందే ఊడింది. అనంతపురం కుటుంబానికి రూపాయి తిరిగి రాలేదు. వెబ్‌సైట్ పెట్టినవాడెవడో తేలనే లేదు. క్లయింట్ గెలిచాడు కాబట్టి నా పని నేను చేశాను. మిగతా సగం పని మీది. అది అలాగే ఉండిపోయింది.

మన ఊరికే పట్టిన జబ్బు కాదిది. 2007లో బెంగళూరు సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ ఒకరిని, అప్పటి సోషల్ మీడియా సైట్ ఆర్కుట్‌లో శివాజీని కించపరిచాడని పుణె పోలీసులు తీసుకెళ్లారు. టెలికాం కంపెనీ ఇచ్చిన ఐపీ వివరాలే తప్పని తేలేసరికి దాదాపు 50 రోజులు జైల్లో గడిపాడు. ఇప్పుడు మొబైల్ డేటాతో చిక్కు ఇంకా పెరిగింది. ఐపీవీ4 అడ్రస్‌లు సరిపోక కంపెనీలు ఒకే పబ్లిక్ ఐపీని ఒకే సమయంలో ఎంతోమందికి పంచుతున్నాయి. వాళ్లలో ఒకరిని విడదీయాలంటే ఐపీతో పాటు సోర్స్ పోర్ట్ నంబరు (ఒకే ఐపీ మీది కనెక్షన్లను వేరుచేసే అంకె), సెకండ్లతో సహా టైమ్, అది ఏ దేశం టైమో కూడా ఉండాలి. ఇవి లేకుండా లెటర్ పెడితే వచ్చేది పేర్ల జాబితా. ఆ జాబితాలో పాత కేసు ఉన్న పేరు ఒకటి కనిపించిందా, ఇక మిగతావాటి వైపు కన్ను పోదు. మనుషులం కదా, మీరైనా నేనైనా అంతే.

చట్టం ఈ విషయం ఏమీ దాచిపెట్టలేదు. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలో సెక్షన్ 90 తీసి చూడండి. పాత సాక్ష్య చట్టంలో 88ఏగా ఉన్నదే ఇది. మెయిల్ సర్వర్ ద్వారా అవతలివారికి చేరిన సందేశం, పంపినప్పుడు కంప్యూటర్లో ఎక్కించిన సందేశం ఒకటేనని కోర్టు అనుకోవచ్చని అందులో ఉంది. అదే వాక్యంలో, ఆ సందేశం పంపిన వ్యక్తి ఎవరన్నదాని గురించి మాత్రం కోర్టు ఏదీ ముందుగా అనుకోకూడదని కూడా ఉంది. సెక్షన్ మాట్లాడుతున్నది ఈమెయిల్ గురించే, ఒప్పుకుంటాను. వాట్సాప్‌కైనా, వెబ్‌సైట్ లాగ్‌కైనా తర్కం వేరే ఎలా అవుతుందో నాకైతే అర్థం కాదు. జడ్జిగారికే లేని వెసులుబాటు రిమాండ్ రిపోర్టు రాసే రైటర్‌కు ఎక్కడిది?

మీకు బాగా తెలిసిన ట్రాఫిక్ కేసులే తీసుకోండి. గుద్ది వెళ్లిపోయిన బండి నంబరు దొరికితే ఆర్సీలో పేరున్నవాడిని డ్రైవర్ అని రాసేయరు. ఆ రోజు బండి నడిపింది ఎవరో చెప్పమని మోటారు వాహనాల చట్టం సెక్షన్ 133 కింద ఓనర్‌కు నోటీసిస్తారు. ఓనర్ వేరు, డ్రైవర్ వేరు కావొచ్చని ఆ చట్టమే ఒప్పుకుంది. సిమ్ విషయానికి వచ్చేసరికి ఆ తేడా ఎందుకో మాయమవుతోంది. మన పల్లెల్లో నాన్న పేరు మీద సిమ్ కొడుకు వాడతాడు, కొడుకు పాత ఫోన్ అమ్మమ్మ దగ్గర ఉంటుంది. షాపులో వేలిముద్ర రెండోసారి పెట్టించుకుని తెలియకుండా ఇంకో సిమ్ తీసేవాళ్లూ ఉన్నారు. అందుకే కదా మన పేరు మీద ఎన్ని కనెక్షన్లున్నాయో చూసుకునే సదుపాయాన్ని కేంద్రం సంచార్ సాథీలో పెట్టింది!

టవర్ లొకేషన్ గురించి చెప్పాలంటే తిరుపతికి మించిన పాఠం ఉండదు. సంఘటన జరిగిన గంటలో అలిపిరి దగ్గరి టవర్ డంప్, అంటే ఆ టవర్ పట్టుకున్న నంబర్లన్నిటి జాబితా, తీయండి. మెట్లెక్కేవాళ్లు, బస్సు దిగేవాళ్లు, టోకెన్ల క్యూలో ఉన్నవాళ్లు, వాళ్లకు టోపీలూ కొబ్బరికాయలూ అమ్ముకునేవాళ్లు, ఆ పక్కనే కాపురం ఉండేవాళ్లు, అందరి నంబర్లూ అందులో ఉంటాయి. నిందితుడి ఫోన్ అక్కడ ఉందని సీడీఆర్ (కాల్ డేటా రికార్డు) చెబుతుంది. ఆ టవర్ పరిధిలో ఎక్కడుందో చెప్పదు, ఎవరి జేబులో ఉందో అసలే చెప్పదు. కుప్పం, నగరి వైపు సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. ఇంట్లో కూర్చున్నా ఫోన్ ఒక్కోసారి పక్క రాష్ట్రం టవర్ పట్టుకుంటుంది, స్వాగతం మెసేజ్ వస్తుంది. అలాంటి ఊళ్లో ‘నేరం జరిగిన రోజు తమిళనాడు సరిహద్దు దాటాడు’ అని సీడీఆర్ చూసి రాయడం ఎంత ప్రమాదమో ఆలోచించండి.

ఎర్రచందనం కేసుల్లో ఇది ఇంకో రూపంలో కనిపిస్తుంది. దుంగలతో ఒకరు దొరుకుతారు. అతని కాల్ డేటాలో పదేపదే కనిపించిన నంబర్ల వాళ్లు ఏ5, ఏ6, ఏ7 అవుతారు. పోలీసుల ముందు అతను చెప్పినట్టు రాసిన వాంగ్మూలం పక్కన పెడతారు. ఆ వాంగ్మూలం సాక్ష్యంగా చెల్లదని మీకూ తెలుసు. దాని వల్ల కొత్తగా ఏదైనా వస్తువో విషయమో బయటపడితే, అంతవరకే పనికొస్తుంది. అది పోతే మిగిలేది కాల్ డేటా ఒక్కటే. ఎవరు ఎవరికి ఎంతసేపు ఫోన్ చేశారో అందులో ఉంటుంది, ఏం మాట్లాడుకున్నారో ఉండదు. తిరుపతిలో ట్యాక్సీ నడిపేవాడి ఫోన్‌కు ఎవరి కాల్ రాదు చెప్పండి? రేణిగుంట ఎయిర్‌పోర్టుకు రమ్మన్నవాడు దేవుడి కోసం వచ్చాడో దుంగల కోసం వచ్చాడో అతనికేం తెలుస్తుంది? తెలిసిన డ్రైవర్లూ ఉంటారు, లేరనను. తెలుసని నిరూపించే రెండో ముక్క కావాలి. అతని చేతికి అందిన డబ్బో, బండిలో దొరికిన చెక్కముక్కో, దారిలోని చెక్‌పోస్టు కెమెరానో. కేవలం పరిస్థితుల మీద నడిచే కేసులో గొలుసులో ఒక్క లింకూ తెగకూడదని సుప్రీంకోర్టు 1984లోనే శరద్ బిర్దీచంద్ శారదా కేసులో చెప్పింది. డిజిటల్ ఆధారం చాలావరకు పరిస్థితుల సాక్ష్యమే. కంప్యూటర్ నుంచి ప్రింట్ వచ్చినంత మాత్రాన ప్రత్యక్ష సాక్షి అయిపోదు.

వాట్సాప్ గ్రూపు అడ్మిన్‌లను నిందితులుగా చేర్చే అలవాటు గురించి ఒక్క మాటే. సభ్యుడు పెట్టిన పోస్టుకు, ముందే కలిసి అనుకుంటే తప్ప, అడ్మిన్‌ని బాధ్యుడిని చేయలేమని బాంబే హైకోర్టు నాగపూర్ బెంచ్ 2021లో, కేరళ హైకోర్టు 2022లో చెప్పాయి. పోస్టు పెట్టినవాడు దొరకలేదని అడ్మిన్‌ని తేవడం దర్యాప్తు కాదు.

ఇక ఎలక్ట్రానిక్ రికార్డు కాపీని కోర్టులో పెట్టేటప్పుడు జతచేసే సర్టిఫికెట్. సుప్రీంకోర్టులో 2014లో అన్వర్ కేసులో తప్పనిసరి అన్నారు, 2018లో షఫీ మహ్మద్ కేసులో కాస్త సడలించారు, 2020లో అర్జున్ పండిత్‌రావు కేసులో ముగ్గురు జడ్జీల బెంచ్ మళ్లీ తప్పనిసరి చేసింది. ఇప్పుడు సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద రెండు భాగాల సర్టిఫికెట్ కావాలి. ఒకటి రికార్డు సమర్పించేవారిది, రెండోది నిపుణుడిది, ఫైలు మారలేదని చూపే హ్యాష్ విలువతో సహా. ఇదంతా మీకు ట్రైనింగుల్లో చెప్పే ఉంటారు. చెప్పి ఉండకపోవచ్చని నాకు అనుమానం ఉన్నది ఒక్కటే: ఈ సర్టిఫికెట్ కాపీ నిఖార్సైనదని మాత్రమే చెబుతుంది. ఆ స్క్రీన్‌షాట్‌లో ఉన్న బూతులు టైప్ చేసింది ఎవరన్నదానితో దానికి సంబంధం లేదు. ‘63 సర్టిఫికెట్ పెట్టాం కదా సార్’ అని పీపీ (పబ్లిక్ ప్రాసిక్యూటర్) గారు అన్నప్పుడల్లా నాకు ఈ మాటే గుర్తొస్తుంది.

ఫోన్ సీజ్ చేసే తీరు గురించి కొంచెం కటువుగా మాట్లాడక తప్పదు. సోదాను, స్వాధీనాన్ని ఆడియో వీడియో తీయాలని పాత సీఆర్పీసీ స్థానంలో వచ్చిన బీఎన్ఎస్ఎస్ సెక్షన్ 105 చెబుతోంది. పంచనామాలో ఐఎంఈఐ లేకుండా ‘నల్లరంగు టచ్ ఫోన్ ఒకటి’ అని రాసి వీఆర్వో గారి చేత సంతకం పెట్టించిన కాగితాలు నేను చూశాను. తర్వాత ఆ ఫోన్ స్టేషన్‌లో సీలు లేకుండా, ఏరోప్లేన్ మోడ్‌లోనైనా పెట్టకుండా, ఛార్జింగ్‌లో ఉంటుంది. సీజ్ చేసిన మరుసటి రోజు తేదీతో అందులో వాట్సాప్ తెరిచినట్టు ఎఫ్ఎస్ఎల్ (ఫోరెన్సిక్ ల్యాబ్) రిపోర్టులో వస్తే ఎవరిని అడగాలి? 2020లో పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో సుప్రీంకోర్టు స్టేషన్లలో సీసీ కెమెరాలు పెట్టి ఫుటేజీ 18 నెలలు, వీలుకాకపోతే వీలైనన్ని రోజులు, ఎట్టి పరిస్థితుల్లో ఏడాదికి తగ్గకుండా దాచమంది. అంటే డిజిటల్ ఆధారం మీ వైపు కూడా చూస్తోంది. ఇది బెదిరింపు కాదు. రేపు మీ మీద తప్పుడు ఆరోపణ వస్తే మిమ్మల్ని కాపాడేదీ అదే.

పాస్‌వర్డ్ చెప్పమని ఒత్తిడి చేయడం గురించి కోర్టుల్లో ఇంకా ఒకే మాట లేదు. వేలిముద్ర, చేతిరాత తీసుకోవడం తనకు వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పించడం కిందికి రాదని 1961లో కథీ కాలూ కేసులో సుప్రీంకోర్టు 11 మంది జడ్జీల బెంచ్ చెప్పింది. మనసులో ఉన్నది బలవంతంగా బయటికి లాగకూడదని 2010లో సెల్వి కేసులో చెప్పారు. పాస్‌వర్డ్ ఈ రెండింటిలో ఎటు వైపు? 2021లో కర్ణాటక హైకోర్టు ఒకలా, మరుసటి ఏడాది ఢిల్లీలో సీబీఐ ప్రత్యేక కోర్టు ఇంకోలా చెప్పాయి. ఇలాంటప్పుడు మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్లి ఆర్డర్ తెచ్చుకోవడం ఒక రోజు పని. స్టేషన్‌లో కుర్చీ వేసి ‘లాక్ తీయరా’ అనడం ఒక నిమిషం పని. కోర్టులో నిలబడేది మొదటిదే.

మొహం గుర్తుపట్టే కెమెరాలు తిరుమలలో 2023 మార్చి నుంచే టోకెన్లకు, గదులకు వాడుతున్నారు. దళారులను ఆపడానికి అది బాగానే పనికొస్తుంది. అదే పద్ధతి నేరస్తులను పట్టడానికి వచ్చినప్పుడు గుర్తుంచుకోవాల్సింది ఒకటుంది. యంత్రం ఇచ్చేది పోలిక ఎంతశాతం అన్నది మాత్రమే. గుండు చేయించుకుని, నామాలు పెట్టుకుని, మాస్కు వేసుకున్న మనుషులు ఇంతమంది తిరిగే ఊరు దేశంలో ఇంకోటి ఉందా? ఫుటేజీ ఉండి కోర్టుకు ఇవ్వకపోతే ఏమవుతుందో 2015లో టొమాసో బ్రూనో కేసు చూడండి. హోటల్ సీసీ టీవీ ఫుటేజీ ప్రాసిక్యూషన్ పెట్టలేదన్నది నిందితులను వదిలేయడానికి ముఖ్య కారణాల్లో ఒకటి.

ఇంతా చెప్పి, మీ కష్టం తెలియదని అనుకోకండి. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసిన పెద్దాయన రిటైర్మెంట్ డబ్బు అప్పటికే నాలుగు రాష్ట్రాల ఖాతాల్లోకి పోయి ఉంటుంది. కమీషన్‌కు ఆశపడి పాస్‌బుక్, ఏటీఎం కార్డు ఇచ్చేసిన కాలేజీ పిల్లాడు దొరుకుతాడు, వెనక ఉన్నవాడు దొరకడు. పైనుంచి టెన్షన్, పేపర్లో వార్త, నెలాఖరు మీటింగు. దొరికినవాడిని ఏ1 చేసేయాలనిపించడం సహజం. అదే ఒత్తిడిలో వేరే రాష్ట్రం స్టేషన్ నుంచి బ్యాంకుకు వచ్చిన ఒక్క మెయిల్‌తో రేణిగుంట రోడ్డులో ఒక టిఫిన్ బండి ఆమె ఖాతా మొత్తం ఆగిపోయింది. దొంగ డబ్బున్న ఖాతా నుంచి ఎవడో ఇడ్లీ తిని క్యూఆర్ కొట్టి వెళ్లాడు. ఆ ఇడ్లీ డబ్బు ఆపితే ఎవరికీ అభ్యంతరం లేదు. సరుకుల డబ్బూ, పిల్ల ఫీజు డబ్బూ ఆపారు. ఇలాంటి స్వాధీనాన్ని వెంటనే మేజిస్ట్రేట్‌కు తెలియజేయాలని బీఎన్ఎస్ఎస్ 106లో ఉంది. ఆమె విషయంలో ఏ మేజిస్ట్రేట్‌కు తెలియజేశారో కనుక్కోవడానికే మాకు తల ప్రాణం తోకకొచ్చింది.

నేను అడిగేవి పెద్ద కోరికలు కావు. ఏడేళ్ల దాకా శిక్ష పడే కేసుల్లో ముందు బీఎన్ఎస్ఎస్ సెక్షన్ 35 కింద, విచారణకు రమ్మనే నోటీసివ్వండి, అదీ కాగితం మీద. వాట్సాప్‌లో పంపిన నోటీసు చెల్లదని సుప్రీంకోర్టు 2025 జనవరిలో తేల్చేసింది. సోషల్ మీడియా కేసుల్లో, అనవసర అరెస్టులు వద్దన్న అర్నేష్ కుమార్ తీర్పును చూసే రిమాండ్ వేయాలని అదే ఏడాది జులైలో మన హైకోర్టు మేజిస్ట్రేట్లకు సర్క్యులర్ ఇచ్చింది, కాబట్టి రిపోర్టులో సరుకు లేకపోతే ఎలాగూ వెనక్కి వస్తుంది. లాగ్ కోసం లెటర్ పెట్టేటప్పుడు టైమ్ పక్కన ఐఎస్టీనో (మన టైమ్) యూటీసీనో రాయండి, పోర్ట్ నంబరు అడగండి. కాల్ డేటా రికార్డులు కంపెనీల దగ్గర రెండేళ్లు ఉంటాయి కాబట్టి వాటికి తొందర లేదు. లాడ్జి కెమెరా, షాపు కెమెరా, రూటర్ లాగ్ కొద్ది రోజుల్లోనే చెరిగిపోతాయి, ముందు వాటికోసం పరుగెత్తండి. నిందితుడు కాదని చెప్పే ముక్క ఏదైనా దొరికితే దాన్నీ ఫైల్లో పెట్టండి. రిమాండ్ రిపోర్టులో ‘సాంకేతిక ఆధారాలు’ అన్న చోట ఇంకో రెండు వాక్యాలు కలపండి: ఆ ఫోన్ లేదా కనెక్షన్ ఇంకెవరి చేతిలో ఉండే అవకాశం ఉంది, వాళ్లు కాదని ఎలా తేల్చారు.

మీ సబ్ డివిజన్ నెలవారీ మీటింగులో ఒక గంట దీనికి కేటాయిస్తే పీపీ గారితో పాటు నన్నూ పిలవండి. కోర్టు పని లేని శనివారమైతే వస్తాను. ప్రశ్నలు ఈసారి మీరు అడగండి.

ఇట్లు,
తిరుపతి కోర్టుల్లో ప్రాక్టీసు చేస్తున్న ఒక న్యాయవాది